డెల్టాలో స్మాల్ సెల్స్ మధ్య ఇంటర్‌ఫియరెన్స్‌ను మెషీన్ లెర్నింగ్‌తో తగ్గించడం ఎలా

పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు స్మాల్ సెల్స్ (వీధి స్తంభాలు, మిద్దెల మీద పెట్టే చిన్న మొబైల్ స్టేషన్లు) చూసుకునే కుర్ర ఇంజినీర్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "ఫోన్లో గీతలన్నీ నిండుగా ఉన్నాయండి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటోంది. మెషీన్ లెర్నింగ్ పెడితే తగ్గుతుందా?"

తగ్గుతుంది. కాకపోతే మోడల్ వంతు ఏడో మెట్టు మీద వస్తుంది. కింది ఆరు మెట్లు ఎక్కకుండా నేరుగా మోడల్ పెడితే, తుప్పు పట్టిన బోల్టు వల్ల వచ్చే రొదను కూడా అది పక్క సెల్ పవర్ తగ్గించి పోగొట్టాలని చూస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఎల్‌టీఈ, అంటే 4జీ స్మాల్ సెల్స్‌కు. 5జీలో తేడా వచ్చే చోట చెబుతాను. ఇది ఆపరేటర్ అనుమతితో నెట్‌వర్క్ ముట్టుకునేవాళ్ల పని. విద్యార్థులైతే ఎన్‌ఎస్-3 లాంటి సిమ్యులేటర్‌లో గానీ, కేబుళ్లు, అటెన్యుయేటర్లు కలిపిన ల్యాబ్‌లో గానీ చేయండి. లైసెన్స్ స్పెక్ట్రమ్‌లో సొంతంగా గాలిలోకి ప్రసారం చేయడం నేరం.

## 1. ఇది ఇంటర్‌ఫియరెన్సేనా, కవరేజ్ లోపమా?

ఇంటర్‌ఫియరెన్స్ అంటే పక్క సెల్స్ సిగ్నల్ మన సిగ్నల్‌కు అడ్డుపడటం. ఈ రెండింటినీ విడదీయడానికి ఒక చిన్న లెక్క చాలు. 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌లో (సిగ్నల్‌లోని ఒక సన్నని పాయలో) సహజంగా ఉండే థర్మల్ నాయిస్ సుమారు −132 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ). ఫోన్ తన వంతుగా 7 డీబీ కలిపిందనుకుంటే −125.

ఇప్పుడు ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్‌కు అందే సెల్ సిగ్నల్ బలం) −95 ఉన్న చోట పక్క సెల్స్ లేకపోతే ఎస్‌ఐఎన్‌ఆర్ (రొద, ఇంటర్‌ఫియరెన్స్ కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో) 30 డీబీ దాకా రావాలి. అక్కడ 2 మాత్రమే వస్తోందంటే మిగతా 28 డీబీని ఇంటర్‌ఫియరెన్స్ తినేస్తోంది. అదే ఆర్‌ఎస్‌ఆర్‌పీ −120 ఉన్న చోట 2 వస్తే అది కవరేజ్ లోపం. అక్కడ ఇంకో సెల్ కావాలి, మోడల్ కాదు.

ఊళ్లో తిరిగి కొలిచిన ప్రతి పాయింటుకూ ఈ లెక్క వేసి రెండు రంగులు పూయండి. కొబ్బరి తోటల లోపల చాలా భాగం కవరేజ్ రంగులోకి వెళ్తుంది. సంత, బస్టాండు, కాలువ గట్టు మీది రోడ్డు ఇంటర్‌ఫియరెన్స్ రంగులో మిగులుతాయి. మన పని ఆ రెండో రంగు మీదే.

## 2. అప్‌లింక్ రొద ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి

ఫోన్ నుంచి సెల్‌కు వెళ్లేది అప్‌లింక్, సెల్ నుంచి ఫోన్‌కు వచ్చేది డౌన్‌లింక్. ఈ మెట్టు మీద వారం ఖర్చయినా ఫరవాలేదు. సగం కేసులు ఇక్కడే తేలిపోవడం నేను చూశాను.

ఒక రిసోర్స్ బ్లాక్, అంటే 180 కిలోహెర్ట్జ్ వెడల్పులో థర్మల్ నాయిస్ సుమారు −121 డీబీఎం. సెల్ రిసీవర్ నాయిస్ ఫిగర్ 5 డీబీ అయితే ఖాళీ సమయంలో −116 దగ్గర కనిపించాలి. తెల్లవారుజామున 3 గంటలకు కూడా −105 చూపిస్తోందంటే ఏదో ఉంది. అది ఏదో ఈ గుర్తులను బట్టి తెలుస్తుంది.

సొంత డౌన్‌లింక్ ట్రాఫిక్‌తో పాటే రొద పెరుగుతోందా? అయితే పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్‌ను అనుమానించండి. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి క్లాంపులు, బోల్టులు, రేకుల షెడ్లు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన అతుకు మీద రెండు క్యారియర్లు పడితే వాటి కలయికలోంచి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. అవి అప్‌లింక్ బ్యాండులో పడితే సెల్ చెవిటిదవుతుంది. రాత్రి 2 గంటలకు డౌన్‌లింక్‌లో కృత్రిమ లోడ్ పెట్టి చూడండి. రొద లేచి, లోడ్ తీయగానే పడిపోతే అదే. కనెక్టర్లు శుభ్రం చేసి సరిపడా బిగించాలి, తుప్పు ముక్కలు మార్చాలి.

పగలూ రాత్రీ ఒకేలా ఉండి, కరెంటు పోయినప్పుడు మాయమవుతోందా? ఎవరో అనుమతి లేని సిగ్నల్ బూస్టర్ పెట్టుకున్నారు. సెల్‌కు బ్యాటరీ ఉంటుంది, బూస్టర్‌కు సాధారణంగా ఉండదు. కరెంటు కోత సమయాలను రొద గ్రాఫ్ మీద పెడితే ఏ ఫీడర్ వీధో కూడా తెలుస్తుంది. డైరెక్షనల్ యాంటెన్నాతో ఇల్లు పట్టుకోవచ్చు. ఫిర్యాదు టెలికాం శాఖ వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి వెళ్లాలి. నా మాటగా ఒకటి: పాపం వాళ్లు సిగ్నల్ రాకే అది కొనుక్కున్నారు. బూస్టర్ తీయించేలోపు ఆ ఇంటికి కవరేజ్ వచ్చే దారి చూడండి. లేకపోతే నెలలో ఇంకొకటి కొంటారు.

శీతాకాలం మంచు తెల్లవారుజాముల్లో, చాలా సెల్స్‌లో ఒకేసారి వస్తోందా? టీడీడీ బ్యాండు (ఒకే ఫ్రీక్వెన్సీలో డౌన్‌లింక్, అప్‌లింక్ వంతులవారీగా నడిచేది) అయితే ఇది డక్టింగ్ కావచ్చు. గాలి కదలక, కింద చల్లగా పైన వెచ్చగా పొరలు కట్టినప్పుడు తరంగాలు ఆ పొరల మధ్య చిక్కుకుని చాలా దూరం పోతాయి. టీడీడీలో గార్డ్ పీరియడ్ (డౌన్‌లింక్‌కూ అప్‌లింక్‌కూ మధ్య విరామం) 2 సింబల్స్ అనుకుంటే అది సుమారు 143 మైక్రోసెకన్లు, అంటే 43 కిలోమీటర్లు. అంతకన్నా దూరంలో ఉన్న సెల్ డౌన్‌లింక్ మన అప్‌లింక్ మీద వచ్చి పడుతుంది. గుర్తు ఏమిటంటే అప్‌లింక్ తొలి సింబల్స్‌లో రొద ఎక్కువగా ఉండి, తర్వాతి వాటిలో మెట్లుగా తగ్గుతుంది. ఎండెక్కాక పోతుంది. దీనికి పక్క సెల్ పవర్ తగ్గించి ప్రయోజనం లేదు. గార్డ్ పీరియడ్ పెంచడం, యాంటెన్నాను కిందికి వంచడం మందు. 5జీ ప్రమాణాల రిలీజ్ 16లో దీనికోసమే ప్రత్యేక పద్ధతి ఉంది.

పిడుగులు, గాలివాన తర్వాత ఒక సెల్ చుట్టూ ఉన్నవన్నీ ఒక్కసారి పాడయ్యాయా? మధ్యలో ఉన్న సెల్ జీపీఎస్ చూడండి. టీడీడీలో ఒకే చోట కవరేజ్ ఇచ్చే సెల్స్ గడియారాల మధ్య తేడా 3 మైక్రోసెకన్లు దాటకూడదు. జీపీఎస్ యాంటెన్నా మీద కొబ్బరి మట్ట వాలినా, కేబుల్‌లో నీళ్లు దిగినా గడియారం మెల్లగా జారుతుంది. నా మొదటి ప్రయత్నంలో సరిగ్గా ఇదే జరిగింది. జీపీఎస్ పోయిన సెల్‌ను వదిలేసి, మోడల్ దాని చుట్టూ ఉన్న నాలుగు సెల్స్ పవర్ తగ్గించుకుంటూ పోయింది. మూడు రోజులు ఆ ఊరివాళ్లు ఇబ్బంది పడ్డారు. మోడల్‌కు జీపీఎస్ స్థితి అనే కాలమ్ నేను ఇవ్వలేదు. ఆ తప్పు నాది.

పక్క సెల్స్ లోడ్‌తో పాటు పెరిగి, తగ్గితే తగ్గుతోందా? ఇదే అసలైన కో-ఛానల్ (ఒకే ఫ్రీక్వెన్సీ వాడే సెల్స్ మధ్య) ఇంటర్‌ఫియరెన్స్. మెషీన్ లెర్నింగ్ పని ఇక్కడ మొదలవుతుంది.

## 3. చేత్తో చేయాల్సిన శుభ్రత

- ఎల్‌టీఈలో పీసీఐలు (సెల్ గుర్తింపు సంఖ్యలు) 504, 5జీలో 1008. పక్కపక్క సెల్స్‌కు ఒకే పీసీఐ ఉండకూడదు. మూడుతో భాగిస్తే ఒకే శేషం వచ్చేవి కూడా ఎదురెదురుగా ఉండకుండా చూడండి.
- నైబర్ జాబితాలో లేని పొరుగు సెల్ ఉంటే చేర్చండి. లేకపోతే ఫోన్ బలహీనమైన సెల్‌నే పట్టుకుని వేలాడుతుంది.
- టీడీడీలో అందరి ఫ్రేమ్ అమరిక ఒకటేనా చూడండి.
- టైమింగ్ అడ్వాన్స్ (ఫోన్ సెల్‌కు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) పట్టిక తీయండి. ఎల్‌టీఈలో ఒక మెట్టు సుమారు 78 మీటర్లు. వీధి స్తంభం మీది చిన్న సెల్‌కు 38వ మెట్టులో ఫోన్లు కనిపిస్తున్నాయంటే అది 3 కిలోమీటర్ల దూరం పోతోంది.

ఈ చివరి తనిఖీ డెల్టాలో చాలా ముఖ్యం. నీటి మీద అడ్డు ఏమీ ఉండదు, పైగా నిలకడ నీరు అద్దంలా తరంగాన్ని తిప్పి కొడుతుంది. చించినాడ వంతెన మీద బస్సులో ఉన్న ఫోన్‌కు వశిష్ఠ రెండు గట్ల సెల్స్ దాదాపు సమానంగా వినిపిస్తాయి. రొయ్యల చెరువుల వరసల మీదా అంతే. అలాంటి చోట యాంటెన్నాను రెండు డిగ్రీలు కిందికి వంచితే వచ్చే మేలు ఏ మోడల్ కూడా ఇవ్వదు.

## 4. డేటా పట్టిక

ఒక్కో సెల్‌కు 15 నిమిషాలకొక వరస. రోజుకు 96, నాలుగు వారాలకు 2,688. 40 సెల్స్ ఉంటే లక్షకు పైగా వరసలు. మొదలు పెట్టడానికి ఇది చాలు.

కాలమ్‌లు ఇవి:

- డౌన్‌లింక్, అప్‌లింక్ పీఆర్‌బీ (రిసోర్స్ బ్లాక్) వాడకం
- సీక్యూఐ (ఫోన్ చెప్పే సిగ్నల్ నాణ్యత అంకె) విభజన, అప్‌లింక్ రొద, టైమింగ్ అడ్వాన్స్ విభజన
- హ్యాండోవర్ (ఫోన్ ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు మారడం) ప్రయత్నాలు, వైఫల్యాలు, కాల్ డ్రాప్‌లు
- ఆ సమయంలో సెల్ పవర్, రేంజ్ ఎక్స్‌పాన్షన్ బయాస్, మౌన సబ్‌ఫ్రేమ్‌ల వాటా (ఈ రెండింటి సంగతి ఎనిమిదో మెట్టులో)
- జీపీఎస్ స్థితి, అలారమ్‌లు, కరెంటా బ్యాటరీయా
- వాన పడిందా, చేలల్లో నీళ్లున్నాయా, పండగ రోజా

మూడు చోట్ల జాగ్రత్త. కొన్ని పెట్టెలు సమయాన్ని యూటీసీలో రాస్తాయి, కొన్ని మన సమయంలో. ఐదున్నర గంటల తేడాతో రెండు సెల్స్‌ను కలిపితే మోడల్ సాయంత్రం రద్దీని మధ్యాహ్నానికి అంటగడుతుంది. రెండు, కరెంటు పోయి కౌంటర్ రాని వరసలో సున్నా పెట్టకండి, ఖాళీగా వదలండి. సున్నా ట్రాఫిక్ వేరు, సమాచారం లేకపోవడం వేరు. మూడు, చందాదారుల గుర్తింపు సంఖ్యలను మొదటి రోజే తీసేయండి. సెల్ వారీగా కూడిన లెక్కలు మన పనికి సరిపోతాయి.

## 5. ఎవరు ఎవరిని ఇబ్బంది పెడుతున్నారో పటం గీయండి

ఫోన్లు పంపే మెజర్‌మెంట్ రిపోర్టులు తీసుకోండి. 'అ' సెల్‌లో ఉన్న ఫోన్ల రిపోర్టుల్లో, 'ఆ' సెల్ సిగ్నల్ 6 డీబీ తేడాలోపు వినిపించినవి ఎంత శాతమో లెక్కించండి. దాన్ని 'ఆ' సెల్ లోడ్‌తో హెచ్చించండి. 'ఆ' నుంచి 'అ'కు గీసే బాణం బరువు అదే.

బాణాలు రెండు వైపులా సమానంగా ఉండవు. మిద్దె మీది సెల్ కింది సందులోని సెల్‌ను బాధిస్తుంది. కింది సెల్ మిద్దెకు వినిపించదు. మ్యాపులో దూరం చూసి పొరుగు నిర్ణయించేవాళ్లు చేసే తప్పు ఇదే. మధ్యలో కొబ్బరి తోట ఉంటే 300 మీటర్లు కూడా దూరమే, మధ్యలో ఏరు ఉంటే 2 కిలోమీటర్లు కూడా దగ్గరే.

## 6. చిన్న చిన్న ప్రయోగాలు చేయండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. పాత లాగ్‌లలో సెల్ పవర్ నెలల తరబడి ఒకే అంకె దగ్గర ఉంటుంది. మారని అంకె ప్రభావాన్ని ఏ మోడల్ అయినా ఎలా నేర్చుకుంటుంది? మారిన కొద్ది సార్లూ ఎవరో ఫిర్యాదు చేసినప్పుడే మారి ఉంటుంది. దాంతో "పవర్ తగ్గిస్తే ఫిర్యాదులు ఉంటాయి" అని తలకిందులుగా నేర్చుకుంటుంది.

అందుకని మనమే కావాలని, లాటరీ వేసినట్టు, మార్పులు చేయాలి:

1. పటంలో బాణం కలిసిన రెండు సెల్స్‌ను ఒకేసారి కదపకండి. సెల్స్‌ను గుంపులు చేసి, ఒక పూట ఒక గుంపునే కదపండి.
2. మార్పు 1 లేదా 2 డీబీ మించకూడదు.
3. ఒక్కో మార్పును కనీసం గంటసేపు ఉంచండి.
4. ఏ మార్పును ఎంత అవకాశంతో ఎంచుకున్నారో రాసి పెట్టండి. కొత్త విధానాన్ని పాత లాగ్‌ల మీద అంచనా వేయడానికి తర్వాత ఆ అంకె కావాలి.
5. ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, రేవు దగ్గరి సెల్స్‌ను ఈ ప్రయోగంలోంచి తప్పించండి.

రెండు వారాలు ఇలా చేస్తే, ఏడాది పాత లాగ్‌లకన్నా ఎక్కువ విషయం చేతికొస్తుంది.

## 7. మోడల్

40 సెల్స్‌కు న్యూరల్ నెట్‌వర్క్ అక్కర్లేదని నా అభిప్రాయం. లైట్‌జీబీఎం లాంటి గ్రేడియంట్ బూస్టెడ్ చెట్లు (చిన్న చిన్న నిర్ణయ వృక్షాలను కలిపి అంచనా వేసే పద్ధతి) చాలు. వచ్చే 15 నిమిషాల్లో సెల్ సగటు సీక్యూఐ, అట్టడుగు 5 శాతం వాడకందార్ల వేగం అంచనా వేయమనండి. ఇన్‌పుట్‌గా సొంత కాలమ్‌లతో పాటు, బాణం బరువు ఎక్కువ ఉన్న ఐదు పొరుగు సెల్స్ పవర్, లోడ్ ఇవ్వండి.

భౌతిక శాస్త్రం తెలిసిన సంగతిని మోడల్‌ను మళ్లీ కనిపెట్టమనకండి. పొరుగు సెల్ పవర్ పెరిగితే, మన సెల్‌లోనే ఉన్న ఫోన్ల సీక్యూఐ పెరగదు. లైట్‌జీబీఎంలో మోనోటోన్ కన్‌స్ట్రెయింట్ పెట్టి ఆ దిశను బిగించేయండి. తక్కువ డేటాతోనూ మోడల్ నిలకడగా ఉంటుంది.

పరీక్షకు వరసలను కలగలిపి పంచకండి. 10:00 గంటల వరస శిక్షణలో, 10:15 వరస పరీక్షలో ఉంటే జవాబు ముందే చూసినట్టే. మొదటి మూడు వారాలు శిక్షణకు, చివరి వారం పరీక్షకు. విడిగా, ఒక ఊరి సెల్స్ మొత్తం పక్కన పెట్టి ఇంకో పరీక్ష.

పోలికకు ఒక మామూలు అంచనా కావాలి: "పోయిన వారం ఇదే రోజు, ఇదే గంట ఎంత ఉందో అంతే." దాన్ని మీ మోడల్ గెలవకపోతే ఎనిమిదో మెట్టు ఎక్కకండి.

## 8. మోడల్ చేతికిచ్చే మీటలు, వాటి హద్దులు

మూడు మీటలు చాలు.

మొదటిది పవర్. 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) లెక్కలో లోకల్ ఏరియా సెల్ 24 డీబీఎం వరకు, మీడియం రేంజ్ సెల్ 38 వరకు ఇవ్వొచ్చు. మామూలు పవర్‌కు 6 డీబీ కిందికి మించి దిగనివ్వకండి. ఒకసారికి 1 డీబీ. పైకి మాత్రం డిజైన్ అంకె దాటనివ్వకండి.

రెండోది రేంజ్ ఎక్స్‌పాన్షన్. పెద్ద టవర్ 46 డీబీఎంతో అరుస్తుంటే, 24 డీబీఎం చిన్న సెల్ పక్కనే ఉన్నా ఫోన్ టవర్‌నే ఎంచుకుంటుంది. దూరపు టవర్‌కు వినపడాలని గట్టిగా మాట్లాడి చిన్న సెల్ అప్‌లింక్‌ను పాడు చేస్తుంది. చిన్న సెల్‌కు కొంత బయాస్ కలిపితే ఫోన్ ఇటు వస్తుంది. హద్దు 0 నుంచి 9 డీబీ.

మూడోది మౌన సబ్‌ఫ్రేమ్‌లు. బయాస్‌తో ఇటు లాగిన ఫోన్లకు టవర్ డౌన్‌లింక్ అడ్డొస్తుంది కాబట్టి, టవర్ కొన్ని సబ్‌ఫ్రేమ్‌లలో డేటా పంపకుండా ఆగాలి. ఎనిమిదిలో 0 నుంచి 3 వంతుల వరకు. బయాస్ 6 పెట్టి మౌనం 0 ఉంచితే అంచున ఉన్నవాళ్లు నలిగిపోతారు. ఈ రెండింటినీ జంటగానే కదపాలి. 5జీలో ఎప్పుడూ వెలువడే సెల్ రిఫరెన్స్ సిగ్నల్ లేదు కాబట్టి అక్కడ ఈ మీట బదులు బీమ్, షెడ్యూలింగ్ సర్దుబాట్లు చూసుకోవాలి.

ఏ మీట ఎప్పుడు కదపాలో ఎంచడానికి కాంటెక్స్టువల్ బ్యాండిట్ వాడండి. పరిస్థితి చూసి, హద్దుల్లో ఉన్న కొద్దిపాటి చర్యల్లో ఒకటి ఎంచి, ఫలితం చూసి నేర్చుకునే పద్ధతి అది. 15 నిమిషాల చక్రానికి నాన్-రియల్‌టైమ్ రిక్ అనే నెట్‌వర్క్ కంట్రోలర్‌లో నడిచే ఆర్-యాప్ ప్రోగ్రామ్ సరిపోతుంది.

బహుమతి (ఫలితాన్ని బట్టి మోడల్‌కు ఇచ్చే మార్కు) లెక్క జాగ్రత్త. మొత్తం వేగం పెంచమంటే మోడల్ బలహీనులను వదిలేస్తుంది. ఇద్దరికి 10, 10 మెగాబిట్లు వచ్చినా, ఒకరికి 19, ఇంకొకరికి 1 వచ్చినా మొత్తం 20యే. అదే సహజ లాగరిథమ్‌ల మొత్తం తీస్తే మొదటిది 4.6, రెండోది 2.9. లంకలో అంచున ఉన్న రైతు ఫోన్ పనిచేయాలంటే ఈ లాగరిథమ్ లెక్కే పెట్టాలి. దానిలోంచి కాల్ డ్రాప్‌లకు, హ్యాండోవర్ వైఫల్యాలకు గట్టి కోత వేయండి.

## 9. నీడలో నడిపి, తర్వాత చేతికివ్వండి

రెండు వారాలు మోడల్ సలహాలు రాస్తుంది, ఎవరూ అమలు చేయరు. రోజూ ఓ పది సలహాలు అనుభవం ఉన్న ఇంజినీరు చదవాలి. "ఇదెందుకు చేస్తోంది?" అన్న ప్రశ్నకు జవాబు దొరకని సలహా ఒక్కటి ఉన్నా వెనక్కి నాలుగో మెట్టుకు వెళ్లండి.

తర్వాత ఒక ఊరి గుంపుకు ఇవ్వండి. సగం సెల్స్‌కు మోడల్, సగం సెల్స్ మామూలుగా అని పంచి పోల్చకండి. ఒకదాని పవర్ తగ్గితే పక్కది బాగుపడుతుంది కాబట్టి పోలిక చెడుతుంది. గుంపు మొత్తానికి ఒక రోజు మోడల్ ఆన్, ఒక రోజు ఆఫ్. ఏ రోజు ఏదో లాటరీ వేయండి. కనీసం నాలుగు వారాలు.

ఆన్ చేసే ముందు:

- మోడల్‌తో సంబంధం లేని కాపలా ప్రోగ్రామ్ విడిగా నడుస్తోంది
- కాల్ డ్రాప్ హద్దు దాటితే పాత సెట్టింగులు తమంతట తామే తిరిగి వస్తాయి
- జీపీఎస్ అలారమ్ ఉన్న సెల్‌నూ, దాని పొరుగులనూ మోడల్ ముట్టుకోదు
- పక్క సెల్ ఆగిపోతే తగ్గించిన పవర్ వెంటనే పూర్తిగా పెరుగుతుంది
- రాత్రి డ్యూటీ మనిషికి ఒక్క బటన్‌తో ఆపే వీలుంది

నాలుగో అంశాన్ని తుపాను కాలానికి ముందు నిజంగా ఒక సెల్ ఆపి పరీక్షించండి. కాగితం మీద టిక్కు పెడితే సరిపోదు.

## 10. నడుస్తున్నప్పుడు వచ్చే ఇబ్బందులు

రెండు సెల్స్ ఊగులాడుతున్నాయి. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరిగి, మళ్లీ తిరగబడుతుంది. ఇద్దరూ ఒకే చక్రంలో నిర్ణయం తీసుకోవడమే కారణం. ఆరో మెట్టులోని గుంపుల వరస ఇక్కడా పాటించండి. మార్పు తర్వాత రెండు చక్రాలు ఆగనివ్వండి.

సీక్యూఐ పెరిగింది, ఫిర్యాదులూ పెరిగాయి. పవర్ తగ్గి అంచు ఫోన్లు సెల్ నుంచి జారిపోయాయి. మిగిలినవాళ్ల సగటు బాగుంది, అంతే. సెల్‌లో ఉన్న ఫోన్ల సంఖ్యను, పెద్ద టవర్‌కు మళ్లినవాళ్ల వేగాన్ని కూడా చూడండి.

వేసవిలో బాగుండి సార్వా మొదలయ్యాక చెడింది. కాలువలు కట్టేసిన రోజుల్లో ఎండిన చేల మీద నేర్చుకున్న మోడల్‌కు, నాట్ల ముందు నీళ్లు నిండిన చేను కొత్త. కాలువలు వదిలినప్పుడు, దాళ్వా నాట్లప్పుడు, కోతలయ్యాక ఆరో మెట్టును ఒక్కో వారం మళ్లీ నడిపి మోడల్‌కు కొత్త డేటా ఇవ్వండి.

పండగ రోజుల్లో దారి తప్పుతోంది. సంక్రాంతి జనవరి మధ్యలో స్థిరంగా వస్తుంది కాబట్టి తేదీ చూసి నేర్చుకోగలదు. అంతర్వేది తీర్థం మాఘ మాసం తిథిని బట్టి వస్తుంది, ఇంగ్లిష్ తేదీ ఏటా మారుతుంది. పంచాంగం చూసి పండగ కాలమ్‌ను చేత్తో నింపండి.

గోదావరి పుష్కరాలకు ఆ కాలమ్ కూడా పనికిరాదు. 2015 తర్వాత 2027లోనే వస్తున్నాయి, మోడల్ అలాంటి జనాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ పన్నెండు రోజులు ఘాట్ల దగ్గరి సెల్స్‌ను మోడల్ చేతిలోంచి తీసి, ముందే వేసుకున్న ప్లాన్‌తో నడపండి. మోడల్‌ను నీడలో ఉంచి, ప్రతి 15 నిమిషాల వరసనూ, చేత్తో చేసిన ప్రతి మార్పునూ సమయంతో సహా దాచండి. ఏ గంటకు జనం ఏ రేవు వైపు కదిలారో 2039లో ఈ పని చేసేవాళ్లకు ఆ లాగ్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు.